రెండోసారి అడిగిన పాస్‌వర్డ్

పోయిన నెలలో మా మేనకోడలు ఫోన్ చేసింది. ఆమె ఈ మధ్యే ఉద్యోగంలో చేరింది. "మామయ్యా, మా ఆఫీసు కంప్యూటర్ లోపలికి వచ్చినాక కూడా మళ్ళీ ఇంకో పాస్‌వర్డ్ అడుగుతుండాది. రోజూ ఇదే పీడ. నీకు దాన్ని తీసేయడం తెలుసంట గదా, అమ్మ చెప్పింది" అంది.

తెలుసు. ఐదు నిమిషాల పని. కానీ ఆ రోజు చెప్పలేదు. రేపు మాట్లాడదామని ఫోన్ పెట్టేసి, పొద్దుగూకేదాకా వరండాలో అటూ ఇటూ తిరుగుతూ ఉండిపోయాను. కాలు కాలిన పిల్లిలాగా ఎందుకలా తిరుగుతున్నావని మా ఆవిడ అడగలేదు. ఆమెకు తెలుసు. మీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు చదివితే చాలు. నా ఈడువాళ్ళకు ఇటువంటివి వాళ్ళ సొంతవే బోలెడు ఉంటాయి.

నా ఆఖరి పోస్టింగు కావలికి తూర్పున, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక చిన్న ఆఫీసు. రెండు గదులు, ఒక కంప్యూటర్, తుప్పు పట్టిన బీరువాలు. పడవల రిజిస్ట్రేషన్లు మా పని. దాంతోపాటు సముద్రం మీద గాలి మారుతుందని కబురు వస్తే, చేపల వేటకు పోయినవాళ్ళను వెనక్కి పిలవడం కూడా మా పనే. దానికి ఒక పోర్టల్ ఉండేది. అందులో మా పరిధిలోని పడవలన్నిటి ఫోన్ నంబర్లు ఉంటాయి. ఒక మీట నొక్కితే, పడవల్లో ప్లాస్టిక్ కవర్లలో చుట్టిపెట్టుకున్న ఫోన్లన్నీ ఒక్కసారే మోగి, "వెంటనే ఒడ్డుకు రండి" అని రికార్డు చేసిన గొంతు వినపడుతుంది.

ఆ కంప్యూటర్ చూసే ఆపరేటరమ్మది ఆ తీరంలోని ఒక పల్లె. వాళ్ళ నాన్న వేటకు పోయేవాడు. పనిలో చురుకైన మనిషి. ఒక్కటే అలవాటు, పాస్‌వర్డ్లన్నీ ఒక కాగితం మీద రాసి మానిటర్ అంచుకు అంటించేది. తప్పే. కానీ ఆ కాగితం చూసి నేనూ కొట్టేవాణ్ణి, ఆఫీసరు గారూ కొట్టేవారు. ఒకరోజు పై ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చినాయన ఆ కాగితం పీకి బల్ల మీద పెట్టి, ఇదేమిటని అడిగాడు. ఆఫీసులో సీనియర్ అసిస్టెంటును నేను. సంజాయిషీ నేనే రాయాలి. "ఆపరేటరు అజాగ్రత్త వలన" అని రాశాను. మిగతావాళ్ళం వాడామని రాయలేదు. నెల తిరగకుండా ఆమెకు బుచ్చిరెడ్డిపాలెం వైపు బదిలీ అయింది. సముద్రం కనపడని చోటు.

ఆమె పోయే రోజు వచ్చింది. కంప్యూటర్ పాస్‌వర్డ్ చెప్పి, బీరువా తాళాలు అప్పగించి, గుమ్మం దగ్గర ఆగి ఒక్క మాట అంది. "ఆ కాయితం మీరు కూడా చూసి కొట్టేవాళ్ళు గదా సార్." నేను ఫైల్లో తల పెట్టుకున్నాను.

మనిషి మారినప్పుడు పాస్‌వర్డ్ మార్చాలని నియమం. మార్చాను. మర్నాటి నుంచే ఆ పీడ మొదలైంది. కొత్త పాస్‌వర్డ్ కొట్టి లోపలికి పోతే, తెర మధ్యలో ఒక చిన్న పెట్టె వచ్చి ఇంకో పాస్‌వర్డ్ అడిగేది. కొత్తది కొడితే ఒప్పుకోదు. ఆమె ఉన్నప్పటి పాతది కొడితేనే పోతుంది.

దాని సంగతి తర్వాత తెలుసుకున్నాను. కంప్యూటర్ లోపల ఒక తాళాల గుత్తి లాంటిది ఉంటుంది. మనం "గుర్తు పెట్టుకో" అని చెప్పిన పాస్‌వర్డ్లన్నీ అది దాస్తుంది. మామూలుగా వాకిలి తాళం, గుత్తి తాళం ఒకటే కాబట్టి రెండూ కలిసి తెరుచుకుంటాయి, గుత్తి ఉందని కూడా మనకు తెలియదు. నేను వాకిలి తాళం మార్చాను. గుత్తికి పాత తాళమే ఉండిపోయింది.

ఆ పాత పాస్‌వర్డ్ ఆమె ఊరి పేరు, వెనక నాలుగు అంకెలు. ఆ మనిషిని ఊరి నుంచి దూరంగా పంపించిన చేతులతోనే, పొద్దున్నే ఆఫీసుకు రాగానే ఆమె ఊరి పేరు కొట్టాలి. కరెంటు పోయి వస్తే మళ్ళీ కొట్టాలి. మా ఊళ్ళో కరెంటు రోజుకు నాలుగైదుసార్లు పోయి వచ్చేది. అందరికీ అది చిన్న చికాకు, నాకు మాత్రం అంతకంటే ఎక్కువ. ఆ పెట్టె కనపడితే చాలు, కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయేవాణ్ణి. లేచి నీళ్ళు తాగేవాణ్ణి, కిటికీ దగ్గరికి పోయేవాణ్ణి, మళ్ళీ వచ్చేవాణ్ణి. అది అక్కడే ఉండేది.

వేట నిషేధం ఉన్న ఎండాకాలపు రోజుల్లో, పని పెద్దగా లేనప్పుడు, ఇంటర్నెట్‌లో వెతికి దానికి మందు కనిపెట్టాను. ఆ గుత్తి ఫైలును చెరిపేయడమే. కొత్తది తయారవుతుంది, దానికి పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేస్తే ఇక జన్మలో అడగదు. చెరిపేముందు ఒక హెచ్చరిక చదివాను. దాచిన పాస్‌వర్డ్లన్నీ పోతాయని ఉంది. నేను దాచుకున్నవి ఏమీ లేవు కదా అనుకున్నాను. దాచింది నేను కాదు, ఆమె. ఆ తేడా అప్పుడు తట్టలేదు.

చెరిపేశాను. పెట్టె పోయింది. ఆఫీసరు గారు భుజం తట్టారు. ఆయనకు అది మొదటి పోస్టింగు. మర్యాదస్తుడు, కంప్యూటర్ విషయాల్లో నన్ను పూర్తిగా నమ్మేవారు. ఆ వానాకాలం మా వైపు సముద్రం మర్యాదగానే ఉంది. పడవలను పిలిచే పోర్టల్ తెరిచే అవసరం అక్టోబరు దాకా రాలేదు.

అక్టోబరులో ఒకరోజు పడవలు తెల్లవారకముందే వేటకు పోయాయి. ముందురోజు కబురులో మా తీరానికి ఏమీ లేదు. పొద్దున పదింబావుకు కొత్త కబురు వచ్చింది. వాయుగుండం దారి మార్చుకుంది, మధ్యాహ్నానికి గాలి పెరుగుతుంది, వేటకు పోయినవాళ్ళు వెంటనే తిరిగి రావాలి. ఆఫీసరు గారు కాగితం నా బల్ల మీద పెట్టి, పంపించేయండి అన్నారు.

పోర్టల్ తెరిచాను. ఇదివరకు పాస్‌వర్డ్ గడిలో చుక్కలు వాటంతటవే నిండి ఉండేవి. ఇప్పుడు ఖాళీగా ఉంది. రాసిపెట్టిన కాగితం తనిఖీకి వచ్చినాయనతోనే పోయింది.

ఆమె ఊరి పేరు, నాలుగు అంకెలు కొట్టాను. తప్పు అంది. మొదటి అక్షరం పెద్దది చేసి కొట్టాను. తప్పు. మర్చిపోయామని చెప్పే మీట నొక్కితే, అంతకుముందున్న ఆఫీసరు గారి ఫోనుకు ఓటీపీ నంబరు పోయింది. ఆయన రిటైరై ఆ ఫోను మార్చేసి ఏడాదైంది. పై ఆఫీసుకు ఫోన్ చేశాను. ఆ రోజు తీరమంతా అదే హడావిడి, ఎన్నిసార్లు చేసినా బిజీ. చేతులు ఊరుకోలేదు. ఇంకో మూడుసార్లు ఏదేదో కొట్టాను. ఐదోసారికి తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి. ఒక గంట దాకా ప్రయత్నించడానికి వీల్లేదు.

పక్క గదిలోంచి ఆఫీసరు గారు, అయిందా అని అడిగారు. సర్వర్ నిదానంగా ఉంది సార్ అన్నాను. అంత సులువుగా నోట్లోంచి వచ్చింది ఆ మాట.

గదిలో అటూ ఇటూ తిరిగాను. ఇరవై ఏడు పడవలు బయట ఉన్నాయి. కిటికీలోంచి చూస్తే ఎండ మామూలుగానే కాస్తోంది, తాటాకులు కదలడం లేదు. అదే నన్ను మోసం చేసింది. ఇంకా టైముంది అనుకున్నాను. నిజానికి ఆ టైముతో నేను చేసిన పని ఏమిటంటే, ఒక ఫోన్ చేయకుండా ఉండటానికి కారణాలు వెతుక్కోవడం. ఎవరికి చేయాలో పదిన్నరకే తెలుసు. పదకొండు దాటాక చేశాను.

రెండుసార్లు ఆపరేటరమ్మ ఎత్తలేదు. "పడవలు బయట ఉన్నాయి" అని మెసేజ్ పెట్టాను. అరనిమిషంలో ఫోన్ మోగింది.

"ఎన్ని పడవలు సార్?"

"ఇరవై ఏడమ్మా. పోర్టల్ పాస్‌వర్డ్ కావాల."

"అది నోటికి రాదు సార్, చేతికి తెలుసు. ఉండండి."

ఫోనులో కీబోర్డు చప్పుడు వినపడింది. ఆమె అక్కడ తన బల్ల మీద ఆ పాస్‌వర్డ్ కొట్టి, తెర మీద పడిన అక్షరాలు ఒక్కొక్కటే చదివి చెప్పింది. రాసుకున్నాను. అప్పుడు ఆ గంట సంగతి చెప్పాల్సి వచ్చింది. ఇంకా ఇరవై ఐదు నిమిషాలు ఉంది.

 తిడుతుందనుకున్నాను.

"అంతసేపు దాని ముందర కూర్చోబాకండి సార్. బీరువాలో ఎర్రట్ట రిజిస్టరు తీయండి. వెనక పేజీల్లో ఆడోళ్ళ నంబర్లు రాసి పెట్టినాను. ఏ పడవలో ఎవురి ఫోను ఉండాదో వాళ్ళకే తెలుసు. మీరు పైనుంచి చేసుకుంటా రండి. నేను మా ఊరోళ్ళకి చేస్తా."

ఆ రిజిస్టరు తీశాను. వెనక ఐదారు పేజీలు, గుండ్రటి అక్షరాలు, ఇంటి మనిషి పేరు, నంబరు. మళ్ళీ కాగితమే. ఆఫీసరు గారిని పిలిచి సగం పేజీలు ఆయనకిచ్చాను. సర్వర్ ఏమైందని ఆయన అడగలేదు. ఇద్దరం చెరో ఫోను పట్టుకున్నాం. అవతల ఆడవాళ్ళు రెండో మాట అడగకుండా పెట్టేసి, పడవల్లోని వాళ్ళకు చేసుకున్నారు. గంట నిండే సరికి పద్దెనిమిది పడవలకు కబురు అందింది. పోర్టల్ తెరుచుకుంది, మీట నొక్కాను. ఇంకొన్ని ఫోన్లు మోగాయి. అప్పటికే సిగ్నల్ దాటి లోపలికి పోయినవాటికి మోగలేదు.

పన్నెండున్నరకు తాటాకులు కదిలాయి. ఒంటిగంటకు గాలి విసరడం మొదలైంది. ఆఫీసరు గారూ నేనూ ఒడ్డుకు పోయి నిలబడ్డాం. పడవలు ఒకటొకటే వస్తున్నాయి. ఊరి జనం తాళ్ళు వేసి లాగుతున్నారు. మూడు గంటలకు ఇరవై ఆరు లెక్కకు వచ్చాయి. ఇంకొకటి రావాలి. అందులో ముగ్గురు, పడవాయన, ఆయన చెల్లెలి భర్త, పక్కింటాయన. నేను నిలబడలేక ఇసుకలో నడుస్తూ, వెనక్కి వస్తూ ఉన్నాను. అంతమంది ఆడవాళ్ళు కదలకుండా నిలబడి చూస్తుంటే, ఆఫీసు మనిషిని నేనొక్కణ్ణే తిరుగుతున్నాను.

నాలుగింటికి ఆ పడవ కనపడింది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర అల లేపి తిరగేసింది. మగవాళ్ళు తాళ్ళు కట్టుకుని నీళ్ళలోకి దిగారు. ముగ్గురూ బతికారు. పడవాయన ఆఖర్న వచ్చాడు, కుడిచెయ్యి మోచేతి దగ్గర విరిగి వేలాడుతోంది. పడవ రెండు ముక్కలైంది. వల పోయింది.

మర్నాడు పై ఆఫీసు రిపోర్టు అడిగింది. రాయాల్సింది నేనే. "హెచ్చరిక అందిన వెంటనే సకాలంలో తెలియజేయడమైనది. ఒక పడవ మాత్రము హెచ్చరికను లక్ష్యపెట్టక ఆలస్యముగా తిరిగి వచ్చినది." ఆఫీసరు గారు నన్ను నమ్మి సంతకం పెట్టారు. ఆ రెండు వాక్యాలు రాయడానికి నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆఫీసు తెలుగుకు ఆ సౌకర్యం ఉంది. ఎవరు చేశారో చెప్పకుండానే పని జరిగిపోతుంది.

ఆ తర్వాత రోజుల్లో పని సాగలేదు. ఆఫీసులో ఫైలు తెరిచి మూసేవాణ్ణి, టీకి పోయి తాగకుండా వచ్చేవాణ్ణి. కంప్యూటర్ తెరిస్తే ఆ పెట్టె రావడం లేదు, ఏమీ అడగడం లేదు. అడిగినా బాగుండు అనిపించేది.

పది రోజులకు ఆపరేటరమ్మ ఫోన్ చేసింది. ఆ పడవాయనది వాళ్ళ ఊరే. పెద్దలు ఆయన్ని పిలిచి తప్పు పెట్టారట, ఫోను వచ్చినా వల మీద ఆశతో ఇద్దరిని చావు దాకా తీసుకుపోయినాడని. ఫోను మోగలేదని ఆయన చెప్పినా ఎవరూ నమ్మలేదట. మా రిపోర్టులో మాట ఎట్లాగో ఊళ్ళోకి పోయింది. ఆయన సొంత చెల్లెలే ఆ గుమ్మం తొక్కడం మానేసిందట.

"సర్కారు కాయితంలోనే రాసుండాదంట సార్. ఎవురు రాసినారు?"

"నేనేనమ్మా."

 గొంతు పెంచకుండా, "నా గురించి కూడా మీరే గదా రాసినారు" అని పెట్టేసింది.

ఆఫీసు సంగతి ముందు చెప్పేస్తాను. తర్వాత నేను రెండో రిపోర్టు ఇచ్చాను. గుత్తి చెరిపింది నేనని, ఐదుసార్లు తప్పు కొట్టింది నేనని, సకాలంలో అనే మాట అబద్ధమని, మానిటర్‌కు అంటించిన కాగితాన్ని అందరం వాడామని అందులో ఉంది. నాకు ఇంక్రిమెంటు ఆపేశారు. ఆఫీసరు గారికి మెమో వచ్చింది. నేను రిటైరయ్యేదాకా ఆయన నాతో మర్యాదగానే ఉన్నారు గానీ, మునుపటిలా ఏ కాగితం మీదా చదవకుండా సంతకం పెట్టలేదు. అది ఆయనకు మేలే చేసి ఉంటుంది. ఆపరేటరమ్మను వెనక్కి పిలుస్తామన్నారు. ఆమె రానంది. ఇక్కడ బాగానే ఉండాది, ఇక్కడ నా మీద ఎవురూ ఏమీ రాయలేదు అందట.

కానీ రిపోర్టు రాయకముందు ఆ ఊరికి పోయాను. ఆమె ఫోన్ చేసిన మర్నాడే, పొద్దున, మోటారు సైకిల్ మీద. పడవాయన ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు, కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడదీసుకుని. నేను నిలబడే చెప్పాను. గుత్తి సంగతి ఆయనకు అర్థమయ్యేటట్టు చెప్పడానికి తంటాలు పడుతుంటే, ఆయన మంచి చేత్తో ఆపాడు.

"పదిన్నరకి మా ఇంట్లోదాంతో ఫోన్లో మాట్లాడినాను సార్. పదకొండు దాకా సిగ్నల్ ఉండాది. ఆ తరవాతే వల కోసరం లోపలికి పోయినాం. మోగింటే వచ్చేసుంటాం."

అవునన్నాను. క్షమించమని అడిగాను. ఆయన సముద్రం వైపు చూశాడు. ఆయన కోపగించుకుంటే బాగుండునని నిలబడ్డాను.

"ఫోను మోగలేదని నాకు తెలుసు గదా. తెలిసినోడికి చెప్పి ఏం లాభం సార్? తెలీనోళ్ళకి చెప్పండి."

లేచి నడిచాడు. వెనకే నడిచాను. వలలు కుట్టుకునే పాక దగ్గర పెద్దలు నలుగురైదుగురు ఉన్నారు. కొంచెం అవతల ఆడవాళ్ళు చేపలు ఎండేస్తున్నారు. ఆయన పాక ముందు నిలబడి, ఈ సారు ఏదో చెప్తాడంట అని మాత్రం అన్నాడు. ముప్పై రెండేళ్ళ సర్వీసులో ఎన్నో మీటింగుల్లో మాట్లాడాను. ఆ రోజు మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఫోను మోగలేదు, మోగించాల్సింది నేను, నా తప్పు వల్ల మోగలేదు, ఆయన మీద రాసింది అబద్ధం అని చెప్పాను. అంతకంటే చెప్పడానికేమీ లేదని చెబుతుంటే తెలిసింది. పది రోజులు మోసింది నాలుగు మాటలే.

పెద్దల్లో ఒకాయన కండువా తీసి ముఖం తుడుచుకున్నాడు. ఎవరూ నన్ను తిట్టలేదు, కూర్చోమననూ లేదు. ఆడవాళ్ళ మధ్య నుంచి ఒకామె చేతులకు అంటిన ఉప్పు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. పోలికలు చూస్తేనే తెలిసింది, ఆయన చెల్లెలు. అన్న వైపు చూడలేదు. నా ఎదుట నిలబడింది.

"పడవ తిరగబడినప్పుడు అందిన తాడు మా ఆయన చేతికిచ్చి, మా అన్న పడవ కొయ్య పట్టుకోని నీళ్ళల్లోనే ఉండిపోయినాడంట సార్. ఆ కొయ్య తగిలే చెయ్యి ఇరిగింది. మా ఆయన వచ్చిన రోజే చెప్పినాడు. నేను ఇనలేదు."  కొంగు నడుముకు దోపుకుని, "మీరు మళ్ళీ కాయితం రాస్తారు గదా. అది కూడా రాయండి" అంది.

పడవాయన తల దించుకుని కాలితో ఇసుక సర్దుతున్నాడు.

ఆ మధ్యాహ్నమే ఆఫీసుకు వచ్చి రిపోర్టు రాశాను. పై ఆఫీసు వాళ్ళ ఫారంలో అన్నిటికీ గడులు ఉన్నాయి. హెచ్చరిక అందిన సమయం, పంపిన సమయం, ఆలస్యానికి కారణం, బాధ్యుడి పేరు. ఆమె చెప్పిన మాటకు మాత్రం గడి లేదు. కాగితం పక్కకు తిప్పి, అంచు మీద ఉన్న ఖాళీలో చిన్న అక్షరాలతో రాశాను, "పడవ యజమాని తనకు అందిన తాడును తోటివానికి ఇచ్చి, తాను చివర ఒడ్డుకు చేరెను" అని.

ఆఫీసరు గారు ప్రతి పంక్తీ చదివారు. చివరికి ఆ అంచు మీద వేలు పెట్టి, ఇది ఎందుకండీ అని అడిగారు.

"ఆయన చెల్లెలు రాయమంది సార్."

ఆయన ఇంకోసారి చదివి, సంతకం పెట్టారు.